అర్థం లేదని నేను చెప్పిన పాట

ఆమె మా వార్డులో పనికి చేరిన కొత్తలో నేను పేరు కూడా అడగలేదు. ఐర్లండ్‌లోని పోర్ట్‌లీష్ ఆసుపత్రిలో నేను రిజిస్ట్రార్‌ని, అంటే పెద్ద డాక్టర్ కింద పనిచేసే డాక్టర్ని. ఆమె హెల్త్‌కేర్ అసిస్టెంట్. రోగులకు ఒళ్ళు తుడవడం, అన్నం తినిపించడం, పక్కబట్టలు మార్చడం ఆమె పని. యాభై దాటిన మనిషి. నల్లగా, పొడుగ్గా, బిగుతుగా ఉంగరాలు తిరిగిన జుట్టుతో ఉండేది. ఆఫ్రికా దేశాల ఆవిడ అయి ఉంటుందనుకుని ఊరుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం వరండాలో నిలబడి మా అమ్మాయితో ఫోన్లో మాట్లాడుతున్నాను. దానికి పదేళ్ళు. స్కూలు నుంచి వచ్చి ఇంట్లో వాళ్ళ నాన్న దగ్గర ఉంది. "అన్నం తిన్నావా?" అన్నాను. అది ఎప్పటిలాగే ఇక్కడి యాసలో ఇంగ్లీషులో ఏదో జవాబు చెప్పింది. నేను ఫోన్ పెట్టేస్తుంటే వెనక నుంచి "తిన్నాను" అని వినపడింది.

తిరిగి చూస్తే ఆమె. చేతిలో మడిచిన దుప్పట్లు. నవ్వుతోంది.

"మా అమ్మమ్మ అలా అడిగితే మేము అలా చెప్పాలి డాక్టర్. లేకపోతే దెబ్బలే," అంది ఇంగ్లీషులో. మేమిద్దరం మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషే. ఇక్కడ నా మాటల్లో రాస్తున్నాను.

అలా తెలిసింది. ఆమెది మారిషస్. ఆ దీవికి నైరుతి కొసన, సముద్రంలోకి చొచ్చుకుపోయినట్టు లె మోర్న్ అనే కొండ ఉంది. దాని కింద ఊరు ఆమెది. బానిసలుగా తెచ్చినవాళ్ళు చెరుకు తోటల నుంచి పారిపోయి ఆ కొండ మీద దాక్కునేవాళ్ళట. బానిసత్వం రద్దయిందని చెప్పడానికి సిపాయిలు వస్తే, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని కొండ మీద నుంచి దూకేశారని ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారట. ఆమె తండ్రి వైపు వాళ్ళు ఆ మనుషుల సంతతి. ఇప్పుడు ఆ కొండనీ చుట్టుపక్కల నేలనీ ప్రపంచ వారసత్వంగా కాపాడుతున్నారు. కొండ మీద ఎవరూ ఇటుక పెట్టడానికి వీల్లేదు.

"తల్లి వైపు మేం కోరంగీలం," అంది.

"అంటే?"

"తెలుగువాళ్ళు. మీలాగే. కోరంగి అనే రేవులో ఓడ ఎక్కి వచ్చారని మమ్మల్ని అలా అంటారు. మా అమ్మమ్మ నల్లవాడి కొడుకుని చేసుకుందని ఆమె వాళ్ళెవరూ పెళ్ళికి రాలేదు. అయినా ఆమె చచ్చేదాకా బొట్టు మానలేదు."

నేను పుట్టి పెరిగింది కాకినాడలో. కోరంగి మా ఊరికి పొరుగు. యానాం వెళ్ళేటప్పుడు బస్సు కిటికీలోంచి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పి ఉండాల్సింది. "ఓహో, వెరీ నైస్" అని వాచీ చూసుకున్నాను.

తర్వాత వారమేమో ఆమె టీ గదిలో నన్ను పట్టుకుంది. తమ ఊరివాళ్ళు కలిసి ఒక గదిలో చిన్న ప్రదర్శన పెడుతున్నారనీ, పాతవాళ్ళ పనిముట్లు, ఫొటోలు, రికార్డు చేసిన పాటలు అందులో ఉంటాయనీ చెప్పింది. కిందటిసారి సెలవుకి వెళ్ళినప్పుడు అమ్మమ్మ నేర్పిన పాట ఆమే పాడి ఇచ్చింది. ప్రతి పాట కింద అర్థం రాసి అట్ట పెడుతున్నారు. ఆమె పాట కింద రాయడానికి ఏమీ లేదు. అర్థం తెలిసినవాళ్ళెవరూ ఇంట్లో మిగల్లేదు.

"రెండు వరసలే డాక్టర్. వింటారా?"

చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, సన్నటి గొంతుతో పాడింది. "కొహంజీ హేవూలో, కోబలాకూ నీలా... సేయీ వదాకే సెలీ, వోడా కాదిలే..." క్రియోల్ మాట్లాడే నాలుక మీద మా మాటలు అరిగిపోయి అలా మిగిలాయి. నా బీపర్ మోగింది. టోస్టు సగం తిని లేచాను. ఆమె ఆశగా చూస్తోంది.

"అర్థమేం లేదండీ. ఏవో పిల్లల్ని జోకొట్టే శబ్దాలు. ఊరికే కూనిరాగం లాంటిది," అన్నాను.

"అర్థం లేదా?"

"లేదు."

నిజానికి నేను వినలేదు. బీపర్ వంకతో వెళ్ళినా, తర్వాత తీరిగ్గా మళ్ళీ పాడమని అడగొచ్చు. అడగలేదు. మనసు కొంచెం గిల్లిందేమో, వారం తర్వాత వరండాలో ఎదురైనప్పుడు, "మా తెలుగు సంఘం ఉగాది చేస్తోంది, డబ్లిన్ పక్కన క్లోనీలో. మీరూ రావాలి" అనేశాను. ఆమె మొహం వెలిగిపోయింది. "ఏదైనా వండుకుని రానా?" అంది. "మీ ఇష్టం," అన్నాను. వస్తుందని అనుకోలేదు.

ఆ రాత్రి కమిటీ వీడియో కాల్‌లో నేను చేసిన పని ఇంతకన్నా నీచం. అందరూ వంటల గురించీ డాన్సుల గురించీ మాట్లాడి అలిసిపోయాక, కాస్త నవ్విద్దామని, "మా వార్డులో ఒకావిడ ఉంది. చూస్తే ఆఫ్రికన్. తనూ తెలుగే అంటోంది. పాట కూడా పాడింది" అని ఆ పాటని ఆమె గొంతుతో అనుకరించి వినిపించాను. తెర మీద పన్నెండు మొహాలూ నవ్వాయి. "పద్మశ్రీ ఇప్పిద్దాం" అన్నాడొకాయన. నేనూ నవ్వాను. ఆమెను పిలిచానని మాత్రం చెప్పలేదు.

ఉగాది రోజు పొద్దున్నుంచీ వాన. పోర్ట్‌లీష్ నుంచి క్లోనీకి మా కారులో నేనూ, మా ఆయనా, అమ్మాయీ వెళ్ళాం. వెనక సీట్లో ఇంకా ఇద్దరు కూర్చునే చోటుంది. ఆమె ఉండేది మా ఇంటికి పావుగంట నడక దూరంలోనే. ఎలా వస్తారని ఒక్క మాట అడగాలని నాకు తోచలేదు.

స్పోర్ట్స్ క్లబ్ హాలు కిక్కిరిసి ఉంది. నేను వ్యాఖ్యాతని. ఆకుపచ్చ పట్టుచీర, చేతిలో మైకు. భోజనాలు మొదలయ్యే ముందు స్టేజీ మెట్ల దగ్గర నిలబడి డబ్లిన్ నుంచి వచ్చిన ఒక పెద్ద డాక్టర్ గారి భార్యతో మాట్లాడుతున్నాను. అప్పుడు తలుపు దగ్గర కనపడింది ఆమె. ముదురు ఎరుపు చీర. కట్టడం సరిగా రాలేదు, కుచ్చిళ్ళు ఒకవైపు జారాయి. దానిమీద వాన కోటు. రెండు చేతులతో మూతకి గుడ్డ కట్టిన గిన్నె పట్టుకుని, ఎవరైనా తెలిసినవాళ్ళు కనపడతారా అని హాలంతా వెతుకుతోంది. రైల్లో డబ్లిన్ వచ్చి, అక్కడ బస్సెక్కి, బస్టాపు నుంచి ఆ గిన్నెతో నడిచి వచ్చిందని తర్వాత తెలిసింది.

మా వంటగది పెత్తనం ఒక ఆంటీది. అమలాపురం వైపు మనిషి, ఇక్కడికి వచ్చి చాలా ఏళ్ళయింది, అందరికీ తల్లో నాలుక. ఆవిడ ఆ హడావిడిలో తలుపు దగ్గరికి వెళ్ళింది. హాలు తరఫున శుభ్రం చేయడానికి ఒక మనిషిని పంపిస్తామని ముందే అన్నారు. ఆంటీ ఆమె చేతిలోంచి గిన్నె తీసుకుని పక్క బల్ల కింద పెట్టి, నల్లటి చెత్తసంచీల చుట్ట ఆమె చేతిలో పెట్టింది.

"థ్యాంక్ గాడ్ లవ్, వచ్చావా! బిన్‌లు పొంగిపోతున్నాయి. కిచెన్ అటు," అంది.

ఆమె చేతిలోని సంచీల వంక చూసింది. తర్వాత తల ఎత్తి మళ్ళీ హాలంతా చూసింది. ఆ చూపు నా దగ్గర ఆగింది.

పది అడుగుల దూరం. ఒక్క మాట చాలు. నా చేతిలో మైకు కూడా ఉంది. కానీ ఆమె ఎవరో చెబితే, వీడియో కాల్‌లో నవ్వినవాళ్ళందరి ముందూ ఆమెని పిలిచింది నేనేనని తెలుస్తుంది. ఆ డాక్టర్ గారి భార్య "ఎవరావిడ?" అంటే చెప్పాల్సి వస్తుంది. నేను తల తిప్పి ఆవిడ నగ గురించి ఏదో అడిగాను.

అంతలో మా అమ్మాయి నా కొంగు లాగింది. ముందటి వారం సూపర్‌మార్కెట్లో ఆమె దాన్ని పలకరించింది.

"మామ్, అది మీ హాస్పిటల్ లేడీ కదా?"

"కాదు," అన్నాను.

"షీ ఈజ్, లైక్," అంది ఇక్కడి పిల్లల ధోరణిలో.

"కాదన్నానా? పోయి నాన్న దగ్గర కూర్చో."

కాసేపటికి చూస్తే ఆమె వాన కోటు విప్పి, చీర చెంగు నడుముకి దోపుకుని, విస్తళ్ళు సంచీలో వేస్తోంది. రెండు బిన్‌లు ఖాళీ చేసింది, సంచీలకి ముడి వేసింది, బయట పెట్టి వచ్చింది. చేతులు కడుక్కుంది. తర్వాత నేను స్టేజీ మీద పిల్లల పేర్లు చదువుతున్నప్పుడు ఎప్పుడు వెళ్ళిపోయిందో చూడలేదు. అంటే, చూడకుండా జాగ్రత్తపడ్డాను.

సాయంత్రం హాలు ఖాళీ చేస్తుంటే బల్ల కింద గిన్నె దొరికింది. ఎవరిదో ఎవరికీ తెలియదు. "నేను కనుక్కుంటా" అని కారులో పెట్టుకున్నాను. ఇంటికి వచ్చి గుడ్డ విప్పితే గుమ్మడికాయ కూర. బెల్లం వాసన. ముట్టలేదు. ఫ్రిజ్‌లో పెట్టి, మూడో రోజు తిండి చెత్త వేసే బ్రౌన్ బిన్‌లో పారబోశాను. గిన్నె తోమి, మళ్ళీ తోమి, ఆసుపత్రికి పట్టుకెళ్ళాను.

ఆమె లినెన్ గదిలో ఉంది. దారిపొడుగునా తయారుచేసుకున్న మాటలు అప్పజెప్పాను. "అయ్యో, ఆరోజు మీరు వచ్చారట! స్టేజీ మీద ఉండిపోయాను, అసలు చూడనే లేదు. పిలిస్తే వచ్చేదాన్ని కదా?"

ఆమె దిండు గలీబు మడత పెట్టడం పూర్తి చేసింది.

"చూశారు డాక్టర్. ఆకుపచ్చ చీర కట్టుకున్నారు. నన్ను చూసి తల తిప్పుకున్నారు."

గిన్నె ఆమె ముందుకి చాపాను.

"చెత్త మోయడం నాకేం నామోషీ కాదు. రోజూ చేసేదే. ఆ పెద్దావిడకి నేనెవరో తెలీదు, పొరపడింది. మీకు తెలుసు." గిన్నె అందుకుని మూత తీసి చూసింది. "ఎవరైనా తిన్నారా?"

ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "లేదు. ఎవరూ తెరవలేదు. నేనే పారబోశాను. క్షమించండి," అన్నాను.

"గుమ్మడికాయ ఎక్కువ రోజులు నిలవదు," అంది అంతే. తర్వాత వేరే సంగతి చెబుతున్నట్టుగా, "మా ఊళ్ళో ఆ గది తెరిచారు. నా పాట కింద, పాత తెలుగు పాట, మాటలకు అర్థం లేదు, అని అట్ట పెట్టారు. మీరు చెప్పారని నేనే మా చెల్లెలికి చెప్పాను" అంది.

"ఇంకొకసారి పాడతారా? ఈసారి సరిగా వింటాను."

"ఇప్పుడు కాదు డాక్టర్. నాలుగో బెడ్ వాళ్ళకి స్నానం చేయించాలి."

నెల రోజులు ఆ మాటల్ని మోసుకు తిరిగాను. మా ఆయనకి చెబితే, "నువ్వు మరీ ఎక్కువ ఆలోచిస్తావు, అక్కడ గొడవ ఏం జరిగిందని? లైట్ తీసుకో" అన్నాడు. మా అమ్మాయికి చెప్పాను, ఆరోజు నీతో అబద్ధమాడానని. "ఐ నో," అని టీవీ వైపు తిరిగింది. తిట్టినా బాగుండేది. వార్డులో ఆమె నాతో ఎప్పటిలాగే మర్యాదగా ఉండేది. గుడ్ మార్నింగ్ డాక్టర్, రక్తం శాంపిల్ పంపించాను డాక్టర్. ఆ మర్యాదలో ఒక్క మాట ఎక్కువ ఉండేది కాదు. మళ్ళీ ఎప్పుడూ నాతో అమ్మమ్మ సంగతి ఎత్తలేదు.

చివరికి ఒక శనివారం డబ్లిన్‌లో ఆంటీ ఇంటికి వెళ్ళాను. కాఫీ ఇచ్చింది. తల వంచుకుని మొత్తం చెప్పాను, వీడియో కాల్‌లో అనుకరించిన సంగతితో సహా. ఆరోజు నవ్విన పన్నెండు మందిలో ఆవిడ కూడా ఉంది.

ఆంటీ మొహం పాలిపోయింది. "మనం పిల్చిన మనిషా? నేను ఆవిడ చేత ఎంగిలి విస్తళ్ళు తీయించానా?" అంది. కాఫీ పక్కకి నెట్టింది. తర్వాత, "నాకంటే తెలీదే. నువ్వక్కడే ఉన్నావు కదా! పరుగెత్తుకొచ్చి నా చేతిలో సంచీ లాక్కుంటే ఏం పోయేది నీకు?"

"సిగ్గేసింది ఆంటీ."

"ఎవర్ని చూసి? ఆవిడ్ని చూసా?"

ఆంటీ లేచి కాలెండర్ దగ్గరికి వెళ్ళింది. "రేపు ఆదివారం. ఆవిడకి డ్యూటీ ఉందేమో కనుక్కో. నన్ను తీసికెళ్ళు. నువ్వు చెప్పడం కాదు, నేను చెప్పుకోవాలి."

భయంభయంగా మెసేజ్ పెట్టాను. గంట తర్వాత "మూడింటికి రండి" అని వచ్చింది.

ఊరి మధ్య ఒక దుకాణం పైన చిన్న ఫ్లాటు. గోడ మీద ఆ కొండ ఫొటో. సముద్రం పక్కన నిటారుగా లేచిన నల్లటి రాయి. ఆంటీ గుమ్మంలోనే ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "అమ్మా, నేను చూసుకోలేదు. మొహం చూసి పనిమనిషివనుకున్నాను. తప్పు నాదే. ఈ వయసులో నాకు బుద్ధి లేకపోయింది," అంది తెలుగులో. ఆ వెంటనే గుర్తొచ్చి ఇంగ్లీషులో మళ్ళీ చెప్పింది. ఆవిడ ఇంగ్లీషు అంత బాగోదు. ఆ వంకర ఇంగ్లీషులోనే ఏ సాకూ లేకుండా చెప్పేసింది. ఆమె ఆంటీని కూర్చోబెట్టింది. "మీరు నన్ను లవ్ అన్నారు. ఇక్కడ షాపుల్లో కూడా అలాగే అంటారు," అని నవ్వింది. ఆ నవ్వు చూసి నెలపైనే అయింది. అది నా వైపు రాలేదు.

"డాక్టర్, మీరు టీ పెడతారా? కప్పులు ప్రెస్‌లో ఉన్నాయి," అంది. వంటింటి అలమారాని ఇక్కడ ప్రెస్ అంటారు. నేను లోపలికి వెళ్ళి కెటిల్ పెట్టాను. ముందుగదిలో పాట మొదలైంది.

ఆంటీ మధ్యలో ఆపింది. మళ్ళీ పాడించింది. ఒక్కో మాటా తను పలికి, ఇదా, ఇదా, అని అడిగింది. పాలు చేతిలో పట్టుకుని నేను గోడవతల నిలబడి విన్నాను.

"హేవూ కాదమ్మా, రేవు. పడవలు ఆగే చోటు. కొబ్బరాకు నీడ. అవునా? చెయ్యి వదలకే చెల్లీ... ఓడ కదిలిందీ." ఆంటీ రెండు వరసలూ కలిపి చెప్పింది. "కోరంగి రేవులో కొబ్బరాకు నీడ, చెయ్యి వదలకే చెల్లీ ఓడ కదిలింది. ఎవరో అక్క పాడిందమ్మా. ఒడ్డున ఉందో ఓడలో ఉందో."

తర్వాత ఆమె గొంతు: "మా అమ్మమ్మ అమ్మకి ఒక చెల్లెలు ఉండేదట. ఆమె సంగతి ఎవరూ చెప్పేవాళ్ళు కాదు."

నేను టీ తీసుకుని వెళ్ళేసరికి ఆమె ఒక నోటుబుక్కులో ఇంగ్లీషు అక్షరాలతో ఒక్కో మాటా రాసుకుంటోంది. కళ్ళు తడిగా లేవు. చెయ్యి మాత్రం చాలా నెమ్మదిగా కదులుతోంది. "కోరంగి ఎక్కడుంది? మీరు చూశారా?" అని ఆంటీని అడిగింది.

ఆంటీ నన్ను చూపించింది. "దీన్ని అడగాలి. దీని ఊరికి పక్కనే."

ఆమె ఆరోజు మొదటిసారి నా వైపు తిరిగింది. "మీరు ఎప్పుడూ చెప్పలేదే," అంది. అందులో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది. చెప్పడానికి నా దగ్గర ఉన్నది కూడా ఎంతని? మడ అడవి ఉంది, చెక్క వంతెన మీద నడవొచ్చు, మేం కాలేజీలో పిక్నిక్‌కి వెళ్ళాం అన్నాను. అక్కడి నుంచి మనుషుల్ని ఓడల్లో ఎక్కించారని నాకు ఆమె చెప్పేదాకా తెలియదు. ఆ మాట కూడా చెప్పాను. ఫోన్‌లో మ్యాప్ తీసి చూపించాను. ఆమె వేలితో దాన్ని పెద్దది చేసి, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటుదాకా జరిపి, ఫోన్ నాకు తిరిగి ఇచ్చేసింది.

అర్థం ఊరికి వెళ్ళింది. పాత అట్ట మీద కొత్తది అతికించామని వాళ్ళ చెల్లెలు ఫొటో పంపింది. ఆంటీ ద్వారా నేనూ చూశాను.

ఆంటీకీ ఆమెకీ బాగా కలిసింది. పనిలేని ఆదివారాల్లో ఆంటీ రైలెక్కి పోర్ట్‌లీష్ వస్తుంది. అక్షరాలు నేర్పిస్తోందట. ఆమె 'ఱ' చూసి ఇదెందుకు అని గొడవ పెట్టుకుందని ఆంటీ ఫోన్లో నవ్వుతూ చెబుతుంది. స్టేషన్ నుంచి దింపుతానని నేను రెండుసార్లు అడిగాను. ఆమె వచ్చి తీసుకెళుతుందిలే అంది ఆంటీ. కమిటీ కాల్‌లో నేను జరిగింది చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు, ఎవరూ పెద్దగా మాట్లాడలేదు కూడా. ఒకాయన అజెండాలో తర్వాతి అంశానికి వెళ్ళిపోయాడు. నేను వ్యాఖ్యానం మానుకున్నాను. అదేదో త్యాగంలా చెప్పడం లేదు. మైకు పట్టుకుంటే ఆ హాలు తలుపే కనిపిస్తోంది.

ఈ వేసవిలో వాళ్ళిద్దరూ మారిషస్ వెళుతున్నారు. ఆ కొండ కింద ఊరు, ఆ గది, ఆమె అమ్మమ్మ సమాధి చూపిస్తానందట. "నువ్వూ రావే, ముగ్గురం వెళదాం" అని ఆంటీ అడిగింది. సెలవు దొరకదు ఆంటీ అన్నాను. సెలవులు చాలానే మిగిలి ఉన్నాయి. ఆమె నన్ను పిలవలేదు.